ఆ రోజు నేను గిటార్ ఎత్తలేదు

బి-బ్లాక్ కామన్ రూమ్‌లో రాత్రి తొమ్మిదిన్నర దాటాక మొదలయ్యే గోల ఏంటని ఈ రెండున్నరేళ్లలో చాలామంది అడిగారు. వార్డెన్ సార్ అయితే రెండుసార్లు స్వయంగా వచ్చి చూసి వెళ్లారు. మొదటిసారి ఆయన వచ్చేసరికి ఇద్దరం ప్లాస్టిక్ గిటార్లు మెడలో వేసుకుని, ఒకడు ప్లాస్టిక్ డ్రమ్స్ ముందు కూర్చుని, ఇంకొకడు మైక్ పట్టుకుని, నలుగురం కళ్లార్పకుండా టీవీకేసి చూస్తున్నాం. ఆయన తలుపు దగ్గరే కాసేపు నిలబడి, "మీ ఇంటర్నల్స్ ఎప్పుడు?" అని మాత్రం అడిగి వెళ్లిపోయారు.

ఇప్పుడు ఫైనల్ ఇయర్. ఇంకో రెండు నెలల్లో గదులు ఖాళీ చేస్తాం. పోయేలోపు ఆ గోల గురించి ఒకసారి రాసి పెడదామనిపించింది. అందులో నేను చేసిన తప్పు ఒకటుంది. అది వదిలేసి మిగతాదంతా రాస్తే అబద్ధం రాసినట్టే అవుతుంది కాబట్టి అదీ రాస్తున్నా.

ముందు సెట్టు ఎలా వచ్చిందో చెప్తాను. అది మా మామయ్యది. డాలస్‌లో చాలా ఏళ్లు ఉండి, హైదరాబాద్ తిరిగి వచ్చేస్తూ ఇంటి సామానంతా కంటైనర్‌లో వేయించారు. మేము దసరా సెలవులకి వాళ్లింటికి వెళ్తే, స్టోర్ రూమ్‌లో ఒక పెద్ద అట్టపెట్టె చూపించి, "అల్లుడూ, ఇది పట్టుకుపో. మీ అత్తయ్య పాత సామాన్ల వాడికి వేసేస్తానంటోంది" అన్నారు. విప్పి చూస్తే ఎక్స్‌బాక్స్ 360, రెండు గిటార్లు, నాలుగు గుండ్రటి ప్యాడ్‌లున్న డ్రమ్స్, కాలితో తొక్కే పెడల్, ఒక మైక్, 'రాక్ బ్యాండ్ 2' అనే డిస్క్.

మామయ్య వాళ్లు అది కొన్న రోజుల్లో అమెరికాలో ఈ ఆటల పిచ్చి బాగా ఉండేదట. 2005లో 'గిటార్ హీరో' వచ్చింది. దాన్ని తయారుచేసిన హార్మొనిక్స్ కంపెనీయే 2007లో 'రాక్ బ్యాండ్', మరుసటి ఏడాది 'రాక్ బ్యాండ్ 2' తెచ్చింది. మన బ్రాంచిల వాళ్లకి నచ్చే సంగతి ఒకటి చెప్పాలి. ఆ కంపెనీని 1995లో పెట్టిన అలెక్స్ రిగోపులోస్, ఎరాన్ ఎగోజీ ఇద్దరూ ఎం.ఐ.టి.లో చదివినవాళ్లు. వాయిద్యం నేర్చుకోనివాళ్లకి కూడా వాయించే ఆనందం ఎలా అందించాలి అన్నదే వాళ్లు పట్టుకున్న ప్రాబ్లమ్. పదేళ్లు రకరకాలుగా ప్రయత్నించాకే 'గిటార్ హీరో' హిట్టయింది. తర్వాత నాలుగైదేళ్లకే జనానికి మొహం మొత్తింది. 2011కల్లా అమ్మకాలు పడిపోయాయి. ప్లాస్టిక్ గిటార్లన్నీ గరాజుల్లోకి, అటకల మీదకి చేరాయి. అలా చేరినదే మామయ్య వాళ్ల సెట్టు.

"ఆరేళ్లు పక్కింట్లో ఉన్నాడు ఒకాయన. కంచె ఇవతల నుంచి హాయ్, అవతల నుంచి హాయ్, అంతే" అన్నారు మామయ్య పెట్టె కడుతూ. "ఒక శనివారం పిల్లలు దీన్ని పెట్టి గోల చేస్తుంటే తలుపు కొట్టాడు. తిట్టడానికొచ్చాడనుకున్నా. నేను డ్రమ్స్ వాయించొచ్చా అన్నాడు. అప్పట్నుంచి ప్రతి శనివారం మా ఇంట్లోనే పులిహోర."

హాస్టల్‌కి తెచ్చాక మొదటి సమస్య కరెంటు. అమెరికా ఎక్స్‌బాక్స్ 110 వోల్టులది, మనది 230. డైరెక్టుగా పెడితే పొగే. ఈఈఈ చదివే నా రూమ్‌మేట్ మూడేళ్ల చదువులో మొదటిసారి ఉపయోగపడ్డాననుకుంటూ 500 వాట్ల స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పట్టుకొచ్చాడు. వాడు అప్పటికి సెకండియరే. కానీ రెండు సెమిస్టర్లలో మూడేళ్ల చదువు చదివినట్టు మాట్లాడతాడు. రెండో సమస్య, కామన్ రూమ్ టీవీలో బొమ్మకీ శబ్దానికీ తేడా ఉండటం. తాళం మీద ఆడే ఆటకి సెకనులో పదో వంతు తేడా వచ్చినా చాలు, సరిగ్గా కొట్టిందీ తప్పయిపోతుంది. గేమ్‌తో వచ్చిన గిటార్‌లోనే ఒక లైట్ సెన్సర్, చిన్న మైక్ ఉంటాయి. దాన్ని టీవీ ముందు పెడితే తెర మీద వెలుతురు, స్పీకర్లో చప్పుడు ఎంత ఆలస్యంగా వస్తున్నాయో అదే కొలుచుకుని సరిచేసుకుంటుంది. ఆ రోజు గిటార్ టీవీని కొలుస్తుంటే చూడ్డానికి పాతికమంది పోగయ్యారు. మన హాస్టల్‌లో ఏదైనా పనిచేస్తుంటే చూడ్డానికి జనం ఎప్పుడూ రెడీ.

ఆట తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. తెర మీద ఒక్కొక్కరికి ఒక్కో రోడ్డు మనవైపు జారుతూ వస్తుంటుంది. గిటార్ మెడ మీద ఆకుపచ్చ, ఎరుపు, పసుపు, నీలం, నారింజ, మొత్తం అయిదు బటన్లు. రోడ్డు మీద ఏ రంగు వస్తే ఆ బటన్ నొక్కి, గీత దాటే క్షణంలో కుడిచేత్తో చిన్న మీట కొట్టాలి. డ్రమ్స్ కూడా అంతే, కర్రలతో. మైక్ వాడికి గీతలాగా శ్రుతి కనిపిస్తుంది, గొంతు ఆ గీత మీద నిలపాలి. నువ్వు సరిగ్గా వాయిస్తే నీ వాయిద్యం పాటలో వినిపిస్తుంది. తప్పితే ఆ ముక్కలో నీ వాయిద్యమే మాయమవుతుంది. అంటే గిటార్ వాడు పడిపోతే డ్రమ్స్ వాడికి చూడక్కర్లేదు, చెవికే తెలిసిపోతుంది.

మొదటి నెలలో నేను గమనించినవి కొన్ని ఉన్నాయి. పబ్జీ ఆడేటప్పుడు మన గదిలో నలుగురు ఉన్నా నలుగురికీ హెడ్‌ఫోన్లు, ఎవడి ఫోను వాడిది. ఇక్కడ అలా కుదరదు. పాట ఒకటే, స్పీకర్ ఒకటే. పైగా అందరి కళ్లూ టీవీ మీదే ఉంటాయి, ఎవరూ ఎవరి మొహమూ చూడరు. మొహం చూడక్కర్లేదు కాబట్టేమో, మామూలుగా నోరు విప్పనివాళ్లు కూడా మాట్లాడేవాళ్లు. "అది వస్తోంది, అది వస్తోంది", "నాది అయిపోయింది, నువ్వు చూసుకో", "ఆగు, ఇప్పుడే వద్దు". వింటే అర్థం లేని మాటలే. కానీ రోజూ ఆ మాటలు మాట్లాడుకున్నవాడితో మెస్‌లో ఎదురుపడితే తల తిప్పుకోలేం.

ఇంకోటి, ఎవరి లెవెల్ వాళ్లు పెట్టుకోవచ్చు. ఒకే పాటలో నేను ఎక్స్‌పర్ట్‌లో, పక్కవాడు ఈజీలో. అయినా బ్యాండ్ ఒకటే, పాట ఒకటే. ఈ కాలేజీలో నేను చూసిన వాటిలో, రానివాడు వచ్చినవాడి పక్కన సిగ్గు పడకుండా నిలబడగలిగింది అక్కడే. సీజీపీఏ దగ్గర అలా ఉండదు కదా.

మా బ్యాండ్ అలాగే కుదిరింది. నేను గిటార్. నా రూమ్‌మేట్ డ్రమ్స్. సివిల్ వాడొకడు బేస్. వాడి పాదం బరువుకి పెడల్ విరిగిందని డ్రమ్స్ నుంచి తీసేసి బేస్ ఇచ్చాం. మైక్ ఎవరూ ముట్టుకునేవారు కాదు. బటన్లు నొక్కడం వేరు, పదిహేనుమంది ముందు గొంతెత్తడం వేరు. అదీ ఎప్పుడూ వినని ఇంగ్లిష్ పాటలు.

మూడో అంతస్తులో ఒక మెకానికల్ కుర్రాడు ఉండేవాడు. శ్రీకాకుళం జిల్లా, పదో తరగతి దాకా తెలుగు మీడియం. రోజూ వచ్చి తలుపు పక్కన గోడకి ఆనుకుని చూసి, పదిన్నరకి ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయేవాడు. ఒకరోజు జనం తక్కువగా ఉన్నారు. సివిల్ వాడు మైక్ వాడి చేతిలో పెట్టేశాడు. "నాకు ఆ మాటలు పలకడం రాదు గాని" అన్నాడు వాడు. "ఊఁ కొట్టరా చాలు" అన్నాడు సివిల్ వాడు సరదాగా.

వాడు నిజంగానే ఊఁ కొట్టాడు. పెదాలు మూసుకుని, రాగం మాత్రం. తెరమీద గీత వాడి గొంతుని అతుక్కుని వెళ్లింది. మాకు అప్పటిదాకా తెలియలేదు, ఆ ఆట పాటలో చాలావరకు మాటలు చూడదు, శ్రుతే చూస్తుంది. ఏ భాషలో పాడినా, అసలు భాషే లేకపోయినా, స్వరం సరిగ్గా ఉంటే చాలు. పాట అయ్యేసరికి నలుగురిలో ఎక్కువ శాతం వచ్చింది వాడికే. వాడు నవ్వడం ఆ రోజే మొదటిసారి చూశాను.

తర్వాత తెలిసింది, వాళ్ల తాత ఊళ్లో తప్పెటగుళ్లు ఆడేవాడట. రొమ్ముకి గుండ్రటి రేకు తప్పెట కట్టుకుని, వాయిస్తూ, పాడుతూ, గజ్జెకాళ్లతో ఎగురుతారు కదా, అది. వీడు చిన్నప్పుడు వెనకాలే తిరిగేవాడట. "అందులో మాత్రం తప్పరేటి? తప్పుతారు. ఒకడు తప్పితే పక్కోడు గట్టిగా కొడతాడు. చూసినోడికి తెలీదు" అని ఒకసారి చెప్పాడు. అప్పుడు బాగుందిరా అనుకుని వదిలేశాను.

ఇప్పుడు ఈ ఆటలో అసలు సంగతికి వస్తాను. దాని పేరు ఓవర్‌డ్రైవ్. దారిలో అక్కడక్కడా తెల్లగా మెరిసే స్వరాల గుత్తి వస్తుంది. ఒక్కటి కూడా తప్పకుండా వాయిస్తే నీ మీటర్ కొంచెం నిండుతుంది. సగం దాటితే మెరవడం మొదలెడుతుంది, ఇక ఎప్పుడైనా వాడుకోవచ్చు. గిటార్ వాడైతే గిటార్ మెడని పైకి ఎత్తాలి. డ్రమ్స్ వాడికి మధ్యలో కాసేపు ఇష్టమొచ్చినట్టు కొట్టుకునే చోటు వస్తుంది, దాని చివర ఆకుపచ్చ ప్యాడ్ కొట్టాలి. మైక్ వాడికి కొన్ని ఖాళీ చోట్లు వస్తాయి, అక్కడ ఏదో ఒకటి అరవాలి. మావాడు "ఓరి నాయనోయ్" అని అరిచేవాడు. అదే మా బ్యాండ్ గుర్తయిపోయింది. మైక్ వాడి చోటు వచ్చిందంటే గదంతా కలిసి అరిచేది.

ఓవర్‌డ్రైవ్ వాడితే ఆ కాసేపూ పాయింట్లు రెట్టింపు. ఇంకో పని కూడా చేస్తుంది. బ్యాండ్‌లో ఒకడు వరసగా తప్పి ఫెయిలైపోతే పాట వెంటనే ఆగదు. వాడి రోడ్డు చచ్చిపోతుంది, మిగతా ముగ్గురూ వాయిస్తూ ఉంటారు. బ్యాండ్ మొత్తం మీటర్ మెల్లిగా దిగుతూ ఉంటుంది. అది అడుక్కి చేరేలోపు మిగిలినవాళ్లలో ఎవరైనా తన ఓవర్‌డ్రైవ్ ఖర్చు పెడితే, పడిపోయినవాడు మళ్లీ లేచి పాటలోకి వస్తాడు. ఒక్క పాటలో ఒకడిని రెండుసార్లే లేపగలం. ఎవడూ లేపకపోతే అందరూ కలిసి మునుగుతారు.

ఎవరి మీటర్ ఎంత ఉందో అందరికీ తెర మీద కనిపిస్తూనే ఉంటుంది. దీని సంగతి నేను అప్పుడు ఆలోచించలేదు.

సెకండియర్ రెండో సెమ్ వచ్చేసరికి గోడ మీద ఒక ఏ4 కాగితం అంటించాను. పాటల పేర్లు, స్కోర్లు, ఎవరు ఆడారు. ఆ కాగితంతోనే నా బుద్ధి మారింది. అప్పటిదాకా ఎవరొస్తే వాళ్లకి ఒక పాట ఇచ్చేవాళ్లం. ఇప్పుడు 'ప్రాక్టీస్ ఉంది' అని జూనియర్లని కూర్చోబెట్టడం మొదలెట్టాను. ఎవడైనా తప్పితే పాట మధ్యలోనే పేరు పెట్టి అరిచేవాణ్ణి. హాస్టల్ డేకి మేమే వాయించి చూపించాలని ప్లాన్. 'క్యారీ ఆన్ వేవార్డ్ సన్' పాట. అది వాయిద్యాలు లేకుండా ఒట్టి గొంతులతో మొదలవుతుంది. మధ్యలో గిటార్ సోలోలు ఉన్నాయి. గోల్డ్ స్టార్స్ కావాలంటే ఎక్స్‌పర్ట్‌లో ఆడాలి. మావాడు మీడియంలో హాయిగా పాడుకుంటున్నాడు. "ఎక్స్‌పర్ట్ పెట్టు, నువ్వు చేయగలవ్" అన్నాను. "ఇంకో వారం ఆగుదుమా" అన్నాడు. ఆగలేదు.

హాస్టల్ డేకి రెండు రోజుల ముందు, గదిలో పదిహేనుమంది దాకా ఉన్నారు. మొదటి చరణంలోనే వాడు పైస్థాయికి వెళ్లలేక ఫెయిలయ్యాడు. డ్రమ్స్ వాడు వెంటనే లేపాడు. మళ్లీ కొంత దూరం వెళ్లాక రెండోసారి పడ్డాడు. అప్పటికి డ్రమ్స్ మీటర్ ఖాళీ. బేస్ వాడు అంతకుముందే వాడేశాడు. నాది నిండుగా ఉంది. మెరుస్తోంది.

నేను గిటార్ ఎత్తలేదు.

ఎందుకంటే ఇంకొంచెం దూరంలో సోలో వస్తోంది. సోలోలో ఎత్తితే పాయింట్లు రెట్టింపు, వాడూ ఎలాగూ లేస్తాడు, రెండూ కలిసొస్తాయి అని లెక్కేశాను. అంతవరకు బ్యాండ్ మీటర్ నిలుస్తుందనుకున్నా. నిలవలేదు. రూమ్‌మేట్ "ఎత్తరా, ఎత్తరా" అని రెండుసార్లు అరవడం నాకు వినిపించింది కూడా. పాట 81 శాతం దగ్గర ఆగిపోయింది.

అప్పుడు నేను అన్న మాట ఇక్కడ రాయడానికి రెండుసార్లు పెన్ను పక్కన పెట్టాను, అంటే ల్యాప్‌టాప్ మూశాను. వాడి వైపు తిరిగి, "ఇంగ్లిష్ పాటలు నీకెందుకురా అసలు, ఒక్క ముక్క పలకలేవు" అన్నాను. కొంతమంది నవ్వారు. ఆ ఆట మాటలు చూడదని గదిలో అందరికంటే నాకే బాగా తెలుసు. వాడు ఓడింది మాటల దగ్గర కాదు, అదీ తెలుసు. వాడికి ఎక్కడ తగులుతుందో తెలిసే అక్కడ కొట్టాను.

వాడు ఏమీ అనలేదు. మైక్ వైరు మెల్లిగా చుట్టి టీవీ పక్కన పెట్టి, "సరే లే" అని వెళ్లిపోయాడు.

హాస్టల్ డేలో మేము వాయించలేదు. తర్వాత మూడు వారాలు వాడు కామన్ రూమ్‌కి రాలేదు. మొదట్లో అలిగాడులే, వస్తాడులే అనుకున్నాం. 'రాక్ బ్యాండ్ 2'లో నో ఫెయిల్ అని ఒక సెట్టింగ్ ఉంది. అది పెడితే ఎవడూ ఎప్పటికీ పడిపోడు, పాట చివరిదాకా సాగుతుంది. గొడవ లేకుండా ఉంటుందని అది ఆన్ చేశాను. గొడవ లేదు నిజమే. కానీ అది పెట్టాక ఎవడి మీటర్ ఎవడూ చూడటం మానేశాడు. "నీ దగ్గరుందా?" అనే మాట గదిలో వినపడలేదు. నలుగురూ నాలుగు రోడ్లు చూసుకుంటూ వాయించుకోవడమే. జనం కూడా పలచబడ్డారు. కొత్త గొంతుతో "ఓరి నాయనోయ్" ఎవడూ అరవలేదు.

ఒక శుక్రవారం రాత్రి రూమ్‌మేట్ చెప్పాడు. "మామా, వాడి అటెండెన్స్ అరవై రెండట. ఫస్టియర్‌వి ఎం-2, మెకానిక్స్ రెండూ ఉండిపోయాయట. ఇంటికెళ్లిపోతానంటున్నాడు."

అరవై అయిదు దాటకపోతే కండోనేషన్ కూడా లేదు, డిటెయినే. మనందరికీ తెలిసిన లెక్కే. నాకు తెలియనిది వాడి లెక్క. ఆరు నెలలు రోజూ రాత్రి రెండు గంటలు పక్కనే నిలబడి వాయించాను. వాడికి ఎన్ని సబ్జెక్టులు ఉన్నాయో ఒక్కసారీ అడగలేదు. క్లాసులో ఇంగ్లిష్‌లో అడిగితే చెప్పలేక, నిలబెడతారని భయపడి, ఉదయం క్లాసులు ఎగ్గొట్టడం మొదలెట్టాడట. రోజంతా గదిలో. రాత్రి ఆ రెండు గంటలే బయటికి రావడం. నేను ఆ రెండు గంటలూ తీసేశాను.

మర్నాడు వాడి గదికి వెళ్లాను. బ్యాగ్ మంచం మీద ఉంది, సగం సర్ది. ఏం మాట్లాడాలో మెట్లెక్కుతూ అనుకున్నదంతా మర్చిపోయి, "సారీ రా, ఆ రోజు అలా తిట్టకుండా ఉండాల్సింది" అన్నాను.

వాడు బట్టలు మడతపెడుతూనే, "తిట్టినందుకు కాదురా" అన్నాడు. కాసేపాగి, "నీ మీటరు నిండుగుంది. నాకు కనబడుతోంది కదేటి. ఇప్పుడెత్తుతాడు, ఇప్పుడెత్తుతాడు అని చూశాను" అన్నాడు.

నేను ఏమీ అనలేకపోయాను. తిట్టు గురించైతే నా దగ్గర సారీ ఉంది. దీనికి ఏం చెప్పాలి? లేక ఇవ్వకపోవడం వేరు. ఉన్నట్టు వాడికి కనబడుతుండగా దాచుకోవడం వేరు. ఎం-2 నాకు తొంభై వచ్చిన సబ్జెక్టు. నోట్సు నా అలమారాలోనే ఉంది. అదీ వాడికి తెలుసు. ఒకసారి పాటకీ పాటకీ మధ్య "నీకు ఎం-2 బాగా వచ్చీది కదా" అన్నాడు. నేను "ఆఁ" అని తర్వాతి పాట పెట్టాను. వాడు అడిగాడని నాకు అప్పుడు అర్థం కాలేదు. లేదా అర్థం కానట్టు ఉన్నానేమో. ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నా.

ఆ తర్వాతది సినిమాలోలాగా ఏమీ జరగలేదు. బ్యాగ్ తీసేయించడానికి నలుగురం రెండు గంటలు కూర్చోవాల్సి వచ్చింది. సెమ్ అయ్యేదాకా రోజూ ఉదయం రూమ్‌మేట్ వెళ్లి వాడిని లేపి క్లాసు దాకా దించి వచ్చేవాడు. ఒక్క క్లాసూ పోకుండా వెళ్తే అరవై అయిదు దాటింది. కండోనేషన్ ఫీజు కట్టాడు. రాత్రుళ్లు తొమ్మిదిన్నర నుంచి పదిన్నర దాకా పాటలు, ఆ తర్వాత ఎం-2. లాప్లాస్ నేను చెప్తే వాడికి అర్థం కాలేదు. సివిల్ వాడు చెప్తే అయింది, వాడు పచ్చి తెలుగులో చెప్పాడు కాబట్టి. సప్లీలో ఎం-2 పోయింది, అంటే పాసయ్యాడు. మెకానిక్స్ మళ్లీ మిగిలింది, ఆ పై ఏడాది తీశాడు. గోడ మీది కాగితం నేనే చింపేశాను. నో ఫెయిల్ కూడా తీసేశాం.

ఆ పాట మళ్లీ ఎప్పుడు పూర్తి చేశామని అడుగుతారేమో. థర్డియర్ మొదట్లో. వాడు మీడియంలోనే పాడాడు, నేను ఎక్స్‌పర్ట్‌లో వాయించాను. సోలో మధ్యలో ఫెయిలైంది నేను. మైక్ వాడికి ఖాళీ చోటు వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. ఆ కాసేపు నా రోడ్డు చచ్చిపోయి, నా గిటార్ లేకుండా ఆ పాట వినడం అదే మొదటిసారి. చేతిలో ప్లాస్టిక్ ముక్క పట్టుకుని ఊరికే నిలబడటం ఎలా ఉంటుందో తెలిసింది. చోటు రాగానే వాడు అరిచాడు, "ఓరి నాయనోయ్" అని. గదంతా అరిచింది.

మొన్న ప్లేస్‌మెంట్స్‌లో మొదటి కంపెనీ హెచ్‌ఆర్ రౌండ్ దాకా వెళ్లి బయటికొచ్చాను. లైటు ఆర్పి పడుకుంటే వాడు తలుపు తట్టి, "బేస్‌కి ఎవుడూ లేడు, రా" అన్నాడు. సివిల్ వాడు కింద ఉన్నాడని నాకు తెలుసు. వాడికీ తెలుసు. లేచి వెళ్లాను.

సెట్టు బి-బ్లాక్‌లోనే వదిలేసి వెళ్తున్నాం. తీసుకునే జూనియర్లకి కొన్ని మాటలు. పెడల్‌కి కింద అల్యూమినియం పట్టీ వేసి ఉంది, మావాడే వర్క్‌షాప్‌లో చేశాడు, దాన్ని పీకకండి. గిటార్లు వాడనప్పుడు పెన్సిల్ సెల్స్ తీసి పెట్టండి. తలుపు పక్కన గోడకి ఆనుకుని ఎవడైనా రోజూ చూస్తుంటే మైక్ వాడి చేతికివ్వండి. మాటలు రావంటే ఊఁ కొట్టమనండి. నో ఫెయిల్ పెట్టకండి. మీటర్ నిండుగా ఉండి పక్కవాడు పడిపోతే వెంటనే ఎత్తండి, సోలో కోసం ఆగకండి. వాడు చూస్తూ ఉంటాడు.

పడుకోబోయే ముందు ట్రాన్స్‌ఫార్మర్ ఆపడం మాత్రం మర్చిపోకండి. బాగా వేడెక్కుతుంది.